మసీహ్ ఏలుబడి: క్రైస్తవ వ్యాఖ్యానాలపై ఒక పరిశీలన

హజ్రత్ ఈసా మసీహ్ (అలైహిస్సలాం) ప్రళయానికి ముందు ఈ భూమిపైకి తిరిగి వస్తారన్నది అహ్లె సున్నత్ పండితులు అంగీకరించిన విషయం. క్రైస్తవులు కూడా ఆయన రాకకోసం ఎదురుచూస్తారు. వచ్చి ఏం చేస్తారు, ఏ హోదాలో చేస్తారు అన్న దగ్గర రెండు సమాజాల దారులు వేరవుతాయి. ఈ విషయంపై మన భాషలో వెలువడిన చిన్న పుస్తకాలూ, వ్యాసాలూ చాలావరకు ఒకే పద్ధతిలో నడుస్తాయి. క్రైస్తవులు ఫలానా విధంగా నమ్ముతారని ఒక్క వాక్యంలో చెప్పి, దానికి జవాబుగా ఒక ఆయతునూ, ఒక హదీసునూ ఉదహరించి ముగిస్తాయి. జవాబు సరైనదే కావచ్చు. కాని ఆ మొదటి వాక్యం సరైనదేనా? ఏ క్రైస్తవులు? ఏ శతాబ్దంలో? ఏ వచనాన్ని ఆధారం చేసుకొని?

ఈ ప్రశ్నలు అడగడం వారిపట్ల సానుభూతి చూపడానికి కాదు. ఒక జాతిపై ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదని దివ్య ఖుర్‌ఆన్ అల్ మాయిదా సూరా 8వ ఆయతులో హెచ్చరించింది. గ్రంథప్రజలతో వాదించవలసివస్తే ఉత్తమమైన రీతిలోనే వాదించాలని అల్ అన్కబూత్ సూరా 46వ ఆయతులో ఆదేశించింది. ఎదుటివాడి మాటను ఉన్నదున్నట్లు చెప్పడం ఆ ఉత్తమ రీతిలో మొదటి మెట్టు.

మసీహ్ పరిపాలనను గురించిన బైబిలు ప్రవచనాలపై క్రైస్తవ చరిత్రలో మూడు ప్రధాన వ్యాఖ్యానాలు వచ్చాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క రచనను ప్రతినిధిగా తీసుకుని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నా వాదం క్లుప్తంగా ఇది: ప్రవచనాలు మసీహ్ ఎలా పరిపాలిస్తాడో చెప్పాయి. వ్యాఖ్యాతలు అతడు ఎప్పుడు, ఎక్కడ పరిపాలిస్తాడో తేల్చడానికి శ్రమించారు. మొదటి ప్రశ్న రెండవ ప్రశ్నలో మునిగిపోయింది. దాని ఫలితాన్ని అనుభవించినవారు పండితులు కారు, సామాన్య ప్రజలు.

ప్రవచనాల్లో ఉన్నదేమిటి?

సమూయేలు రెండవ గ్రంథం 7వ అధ్యాయంలో దావూద్ (అ) వంశానికి శాశ్వతమైన సింహాసనం వాగ్దానం చేయబడింది. యెషయా గ్రంథం 2వ అధ్యాయంలో జాతులు తమ ఆయుధాలను సేద్యపు పనిముట్లుగా మార్చుకుంటాయని ఉంది. 9వ అధ్యాయంలో దావూద్ సింహాసనంపై కూర్చునేవాడు దానిని న్యాయంతో నిలబెడతాడని ఉంది. 11వ అధ్యాయం మరింత వివరంగా, ఆ పాలకుడు కంటికి కనిపించినదాన్ని బట్టిగాని, చెవిన పడినదాన్ని బట్టిగాని తీర్పు చెప్పడనీ, బీదలకు న్యాయం చేకూరుస్తాడనీ చెబుతుంది. తోడేలూ గొర్రెపిల్లా ఒకచోట నివసించే ప్రసిద్ధమైన వర్ణన కూడా అక్కడిదే. 72వ కీర్తన రాజు లక్షణాలను చెబుతూ దిక్కులేని పేదను విడిపించడం, పీడించేవాడిని అణచడం అతని మొదటి పనులుగా పేర్కొంటుంది. ఇక వెయ్యి సంవత్సరాల పరిపాలన అన్న లెక్క బైబిలు మొత్తంలో ఒక్కచోటనే, కొత్త నిబంధన చివరిదైన ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలో కనిపిస్తుంది.

ఈ ఘట్టాలను ఒకచోట పెట్టి చదివితే, దానియేలు గ్రంథంలోని వారాల లెక్క వంటివాటిని మినహాయిస్తే, ప్రవక్తల దృష్టి ఎక్కువగా కాలంమీద లేదన్న సంగతి బోధపడుతుంది. వారి దృష్టి పాలకుని నడతమీద ఉంది. న్యాయస్థానంలో పేదవాడికి ఏం జరుగుతుందన్నదానిమీద ఉంది.

అనువాదకుడిగా ఇక్కడ రెండు మాటలు చెప్పవలసి ఉంది. హీబ్రూలోని మషీహ్, అరబీలోని మసీహ్, గ్రీకులోని క్రిస్తోస్ ఒకే అర్థం ఇచ్చే మాటలు: అభిషేకం పొందినవాడు. హీబ్రూ బైబిలులో ఈ మాట తాలూత్‌కూ, దావూద్ (అ)కూ వర్తించింది. యెషయా 45వ అధ్యాయంలో పర్షియా చక్రవర్తి కోరెషుకు కూడా వర్తించింది. తెలుగు బైబిలులో పాత నిబంధన దగ్గర "అభిషిక్తుడు" అనీ, కొత్త నిబంధన దగ్గర "క్రీస్తు" అనీ ఉండడంవల్ల రెండూ ఒకే మాట అన్న సంగతి తెలుగు పాఠకుడికి కనిపించదు. ఒక పదవిని తెలిపే మాట ఒక వ్యక్తి పేరుగా మారిపోయింది. రెండవది "రాజ్యము" అన్న మాట. దీనికి మూలమైన గ్రీకు పదం బసిలేయా. దానికి ఏలుబడి అన్న అర్థమూ ఉంది, ఏలే ప్రదేశం అన్న అర్థమూ ఉంది. తెలుగులో రాజ్యం అనగానే మనసులో ముందు మెదిలేది హద్దులున్న నేల. "దేవుని ఏలుబడి" అని అనువదించి ఉంటే, ఎక్కడ అన్న ప్రశ్నకంటే ఎలా అన్న ప్రశ్నే ముందు వచ్చేది.

మొదటి వ్యాఖ్యానం: ఐరేనియస్

క్రీ.శ. 2వ శతాబ్దంలో చాలామంది క్రైస్తవ పెద్దలు, మసీహ్ తిరిగి వచ్చి ఈ భూమిమీదనే వెయ్యి సంవత్సరాలు పరిపాలిస్తాడని నమ్మారు. వారిలో ఒకడైన జస్టిన్, ట్రైఫో అనే యూదునితో జరిపిన సంవాద గ్రంథంలో తన నమ్మకం ఇదేనని చెప్పాడు. ఐతే, భక్తిపరులైన క్రైస్తవుల్లోనే చాలామంది దీనిని అంగీకరించరని కూడా ఆయన అక్కడే ఒప్పుకున్నాడు. కాబట్టి ఈ విషయంలో క్రైస్తవులు మొదటినుండీ ఏకాభిప్రాయంతో లేరనడానికి వారి సాక్షి మాటే చాలు.

ఈ నమ్మకాన్ని శాస్త్రీయంగా సమర్థించినవాడు ఐరేనియస్. ఈయన గాల్ దేశంలోని లియాన్ నగరపు బిషప్పు. 177లో ఆ నగరంలో క్రైస్తవులపై ఘోరమైన హింసాకాండ జరిగింది. ముసలి బిషప్పు పోథినస్ ఆ హింసలో మరణించగా, ఐరేనియస్ ఆయన స్థానంలోకి వచ్చాడు. సుమారు 180లో రచించిన మతభ్రష్ట సిద్ధాంతాల ఖండన గ్రంథం ఐదవ భాగం చివర ఆయన మసీహ్ పరిపాలనను చర్చించాడు. ఆయన తర్కం గమనించదగినది. సజ్జనులు ఏ సృష్టిలో శ్రమించారో, ఏ సృష్టిలో హింసలు పడ్డారో, ఆ సృష్టిలోనే వారికి ప్రతిఫలం దక్కడం న్యాయం అన్నాడు. దేవుడు ఇబ్రాహీం (అ)కు భూమిని వాగ్దానం చేశాడు, కాని ఆయన జీవితకాలంలో అడుగు నేల కూడా దక్కలేదు. దేవుడు మాట తప్పడు గనుక ఆ వాగ్దానం పునరుత్థానం తరువాత నెరవేరక తప్పదు. తోటి విశ్వాసులను పోగొట్టుకున్న సంఘానికి పెద్ద అయిన మనిషి చేసిన వాదం ఇది. దీనిలోని వేదన నిజమైనది. దేవుని న్యాయం ఈ మట్టిని తాకకుండా పోదన్న నమ్మకం కూడా విలువైనదే.

లోపం ఎక్కడ వచ్చింది? ఆ పరిపాలన ఎలా ఉంటుందని చెప్పవలసిన చోట ఐరేనియస్, తనకంటే పూర్వుడైన పాపియస్ అందించిన ఒక కథను ముందుకు తెచ్చాడు. ఆ కాలంలో ద్రాక్షతీగలకు పదేసి వేల కొమ్మలు వస్తాయనీ, ప్రతి పండునుండి ఇరవై ఐదు కొలతల రసం వస్తుందనీ దాని సారాంశం. ఇటువంటి లెక్కలు ఆ కాలపు యూద గ్రంథాల్లో కూడా కనిపిస్తాయి. న్యాయంతో మొదలైన వాదం ద్రాక్షతోటలో ముగిసింది. యెషయా వర్ణించిన న్యాయస్థానం ఆ తోట వెనుక కనుమరుగయింది. తరువాతి తరాల క్రైస్తవులకు ఈ అధ్యాయాలు ఎంత ఇబ్బంది కలిగించాయంటే, కొన్ని లాటిన్ ప్రతుల్లో ఈ భాగమే లేకుండా పోయింది. 16వ శతాబ్దంలోగాని అది అచ్చులోకి రాలేదు.

రెండవ వ్యాఖ్యానం: అగస్టీన్

4వ శతాబ్దంలో పరిస్థితి తలక్రిందులయింది. హింసించిన సామ్రాజ్యమే క్రైస్తవాన్ని ఆదరించింది. 325లో నిఖియా సభ ముగిశాక చక్రవర్తి కాన్‌స్టంటైన్ బిషప్పులకు విందు చేశాడు. కత్తులు దూసిన భటుల మధ్యగా బిషప్పులు నిర్భయంగా లోపలికి నడిచారు. ఆ దృశ్యాన్ని వర్ణించిన యుసేబియస్, అది క్రీస్తు రాజ్యానికి ప్రతిబింబంలా తోచిందని రాశాడు. నిరీక్షణ రాజుగారి భోజనశాల దగ్గర ఆగిపోయింది. ఈ యుసేబియస్ పాపియస్‌ను అల్పబుద్ధిగా ఎంచడం కూడా గమనార్హం.

ఆ తరువాత వంద సంవత్సరాలైనా గడవకముందే, 410లో రోమ్ నగరం గోతు జాతుల చేతిలో కొల్లగొట్టబడింది. సామ్రాజ్యమే దేవుని రాజ్యమనుకున్నవారికి దిక్కు తోచలేదు. అప్పుడు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్పు అగస్టీన్ 413 నుండి 426 వరకు శ్రమించి దైవనగరం అన్న ఉద్గ్రంథం రచించాడు. దాని 20వ భాగంలో ఆయన వెయ్యి సంవత్సరాల వాక్యానికి కొత్త అర్థం చెప్పాడు. తానుకూడా ఒకప్పుడు భౌతిక పరిపాలనను నమ్మినవాడినేననీ, విందువినోదాల వర్ణనలు వినలేక దానిని విడిచిపెట్టాననీ చెప్పాడు. వెయ్యి అన్నది పరిపూర్ణతను సూచించే సంఖ్య కావచ్చుననీ, మసీహ్ మొదటి రాకనుండి చివరి రాక వరకు ఉన్న కాలమంతా ఆ వెయ్యేళ్ళేననీ, చర్చి ఇప్పుడే క్రీస్తు రాజ్యమనీ నిర్ణయించాడు. ఐనా ఆ చర్చిలో గోధుమలతోపాటు కలుపు కూడా ఉందని ఆయన మరచిపోలేదు.

ఈ వ్యాఖ్యానం చేసిన మేలు చాలా ఉంది. ఏ సామ్రాజ్యాన్నీ దేవుని రాజ్యంగా పొగడనవసరం లేకుండా చేసింది. తేదీల లెక్కకు చాలావరకు తలుపు మూసింది. కాథలిక్ చర్చి నేటికీ దాదాపు ఇదే బాటలో ఉంది. 1992లో వెలువడిన దాని మతబోధ గ్రంథం, మసీహ్ రాజ్యాన్ని చరిత్రలోపలే స్థాపించవచ్చునన్న ఆలోచనను, దాని మెత్తని రూపంలో కూడా, తిరస్కరించింది. కాబట్టి క్రైస్తవులందరూ వెయ్యేళ్ళ భౌతిక రాజ్యంకోసం కాచుకొని ఉన్నారని రాసే మన రచయిత ప్రపంచంలోని అతి పెద్ద చర్చిని గురించి తప్పు చెబుతున్నాడన్నమాట.

ఐతే ఈ వ్యాఖ్యానానికి చెల్లించిన వెల కూడా తక్కువ కాదు. వాగ్దానం ఇప్పటికే నెరవేరిందంటే, 72వ కీర్తనలోని పేదవాడు తన విడుదలను ఎక్కడ వెతుక్కోవాలి? పేదరికానికి ఆత్మసంబంధమైన అర్థం చెప్పుకోవలసివస్తుంది. ఆకలిగొన్నవాడు ఆ వ్యాఖ్యానంలో తనను తాను గుర్తుపట్టలేడు. మరొక చిక్కు ఉంది. చర్చి క్రీస్తు రాజ్యమైనప్పుడు, దానినుండి వేరుపడినవారు ఎవరు? డొనాటిస్టులనే అసమ్మతి వర్గంపై రోమను ప్రభుత్వం ప్రయోగించిన దండనను ఇదే అగస్టీన్ సమర్థించాడు. న్యాయంలేని రాజ్యాలు పెద్ద దొంగల ముఠాలేనన్న భావాన్ని చెప్పిన మేధావి, ఆ రాజ్యదండం తన పక్షాన లేచినప్పుడు అడ్డుచెప్పలేదు.

భౌతికమైన విందు, ఆత్మసంబంధమైన అర్థం, ఈ రెండే దారులా? కావనడానికి మన నాగరికతలో జీవించిన ఒక యూద పండితుడు సాక్షి. కొర్డోవాలో పుట్టి 1204లో ఈజిప్టులో మరణించిన మూసా బిన్ మైమూన్ తన ధర్మశాస్త్ర గ్రంథం చివరి అధ్యాయాల్లో, మసీహ్ కాలంలో సృష్టి నియమాలు మారవన్నాడు. తోడేలు, గొర్రెపిల్ల అన్నవి ఉపమానాలు మాత్రమేనన్నాడు. పీడన తొలగి, మనుషులు దైవజ్ఞానానికి తీరిక పొందడమే ఆ కాలపు విశేషమన్నాడు. గడువులు లెక్కవేయవద్దని కూడా హెచ్చరించాడు. ఆయన తన మతం తరఫున మాట్లాడాడు, మన తరఫున కాదు. ఐనా యెషయాను చదివే పద్ధతిలో ఆయన చూపు సూటిగా ఉంది.

మున్‌స్టర్ పాఠం

అగస్టీన్ మూసిన తలుపును పలువురు తెరిచారు. వారిలో ఒక ఉదంతం చాలు. 1534లో జర్మనీలోని మున్‌స్టర్ పట్టణాన్ని అనాబాప్టిస్టు వర్గంలోని తీవ్రవాదులు చేజిక్కించుకుని, అది కొత్త యెరూషలేమని ప్రకటించారు. లైడెన్‌కు చెందిన యాన్ అనే యువకుడు దావూద్ సింహాసనానికి వారసుడినంటూ రాజయ్యాడు. ఎదిరించినవారికి మరణశిక్షలు పడ్డాయి. ముట్టడిలో జనం ఆకలికి మాడారు. 1535 జూన్‌లో పట్టణం కూలింది. నాయకుల శవాలను ఉంచిన ఇనుప బోనులు అక్కడి సెయింట్ లాంబర్ట్ చర్చి గోపురానికి ఇప్పటికీ వేలాడుతున్నాయి. ఎప్పుడు అన్న ప్రశ్నకు ఇప్పుడే అనీ, ఎక్కడ అన్న ప్రశ్నకు ఇక్కడే అనీ జవాబు దొరికినప్పుడు, ఎలా అన్న ప్రశ్న అడిగే నోళ్ళు మూతపడ్డాయి.

మూడవ వ్యాఖ్యానం: స్కోఫీల్డ్

19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ అనే ఆంగ్లికన్ గురువు తన చర్చిని వదలి, బ్రదరెన్ అనే ఉద్యమంలో ప్రముఖుడయ్యాడు. ఆ ఉద్యమానికి తెలుగు నేలతో సంబంధం ఉంది. దాని తొలి నాయకుల్లో ఒకడైన ఆంటోనీ నోరిస్ గ్రోవ్స్ బాగ్దాదులో కొంతకాలం పనిచేసి భారతదేశం వచ్చాడు. ఆయన ప్రోత్సాహంతో 1836లో ఇంగ్లండునుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు గోదావరి డెల్టాలో నరసాపురం ప్రాంతాన మత ప్రచారం ప్రారంభించాయి. గ్రోవ్స్ ఎన్నో విషయాల్లో డార్బీతో విభేదించాడు గనుక ఆ ఉద్యమాన్నంతటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

డార్బీ సిద్ధాంతం ప్రకారం దేవుడు చరిత్రను వేర్వేరు యుగాలుగా విభజించాడు. ఇశ్రాయేలు వేరు, చర్చి వేరు. ఇశ్రాయేలుకు చేసిన వాగ్దానాలు అక్షరాలా ఆ జాతికే, ఆ నేలమీదనే నెరవేరాలి. ఈ ఆలోచనను లక్షలాది ఇళ్ళకు చేర్చినది అమెరికా దేశస్థుడు సైరస్ స్కోఫీల్డ్ వ్యాఖ్యలతో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం 1909లో ప్రచురించి, 1917లో సవరించిన బైబిలు. దీని ప్రత్యేకత ఒక్కటే. వ్యాఖ్యలు వేరే పుస్తకంలో లేవు. బైబిలు వాక్యం ఉన్న పుటలోనే క్రింద అచ్చయ్యాయి.

మదర్సాలో చదివినవారికి ఇందులోని ప్రమాదం వెంటనే అర్థమవుతుంది. మన విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే మత్న్ వేరు, షరహ్ వేరు, హాషియా వేరు అని నేర్పుతారు. పుట అంచున రాసినది ఎంత గొప్పవాడు రాసినా మూలం కాదు. స్కోఫీల్డ్ పాఠకుడికి ఆ శిక్షణ లేదు. అతనికి పుట అంతా పవిత్రగ్రంథమే.

ఒక ఉదాహరణ చూద్దాం. లూకా సువార్త 4వ అధ్యాయంలో హజ్రత్ ఈసా (అ) నజరేతులోని ప్రార్థనామందిరంలో యెషయా గ్రంథం 61వ అధ్యాయం చదివినట్లుంది. బీదలకు శుభవార్త, బందీలకు విడుదల అని సాగే ఆ భాగాన్ని, దేవుని ప్రతిదండన దినాన్ని గురించిన మాట రాకముందే ఆయన ఆపివేశారు. స్కోఫీల్డ్ తన వ్యాఖ్యలో, ఆపిన ఆ కామా దగ్గరనే రెండు యుగాల సరిహద్దు ఉందన్నాడు. కామాకు ముందున్నది మొదటి రాక, తరువాత ఉన్నది రెండవ రాక. అంటే అచ్చులోని ఒక చిన్న గుర్తులో శతాబ్దాల ఎడమ దాగి ఉందన్నమాట.

విరామస్థానం అర్థాన్ని మార్చగలదని మనకు తెలియనిది కాదు. ఆలి ఇమ్రాన్ సూరా 7వ ఆయతులో అస్పష్టమైన వాక్యాల అంతరార్థం అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదన్నచోట ఆగాలా, లేక "జ్ఞానంలో స్థిరపడినవారు" అన్న మాటను కూడా కలుపుకుని చదవాలా అని మన వ్యాఖ్యాతలు తరతరాలుగా చర్చించారు. ఎక్కువమంది అల్లాహ్ నామం దగ్గరే ఆగుతారు. ఆ చర్చ మనకు నేర్పేది వినయం. స్కోఫీల్డ్ కామా అతని పాఠకుడికి ఇచ్చింది ధీమా. అదీగాక, ఆయన కామా తరువాతి భాగంలో యుగాలను వెతికాడు. కామాకు ముందు పేదలూ బందీలూ ఉన్నారు. శుభవార్త వారికి.

కొండమీద ప్రసంగం విషయంలో కూడా ఇదే జరిగింది. శత్రువును ప్రేమించడం, కనికరం చూపడం వంటి బోధలున్న ఆ ప్రసంగం ప్రధానంగా రాబోయే రాజ్యానికి చెందిన చట్టమనీ, చర్చికి నేరుగా విధిగాని హక్కుగాని కాదనీ స్కోఫీల్డ్ అభిప్రాయం. క్రైస్తవుడు దానినుండి నైతిక పాఠం గ్రహించవచ్చునని ఆయన చేర్చిన మాట నిజమే. ఐనా ఫలితం ఏమిటి? రాజు ఎలా ఏలుతాడో చెప్పే భాగం భవిష్యత్తుకు వాయిదా పడింది. నేలకు సంబంధించిన భాగం మాత్రం ఈనాటి రాజకీయమయింది.

1917 నాటి బాల్ఫర్ ప్రకటన, 1948లో ఇజ్రాయిల్ స్థాపన, 1967లో జెరూసలేం ఆక్రమణ, ఈ సిద్ధాంతాన్ని అనుసరించేవారికి ప్రవచనాల నెరవేర్పుగా కనిపించాయి. 1970లో హాల్ లిండ్సే రాసిన, అంత్యకాలాన్ని గురించిన పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. 1948 నుండి నలభై సంవత్సరాల్లో అంతా ముగియవచ్చునని అందులో సూచించాడు. 1988 వచ్చింది, వెళ్ళింది. అంతకుముందు విలియం మిల్లర్ అనుచరులు ఎదురుచూసిన 1844 అక్టోబరు 22 కూడా అలాగే వెళ్ళింది. లెక్క తప్పినందుకు పుస్తకం రాసినవాడి ఇల్లు కూలలేదు. 1948లో పాలస్తీనా గ్రామాలు వదలి పారిపోవలసివచ్చిన లక్షలాది ప్రజలు మాత్రం, ముస్లిములూ క్రైస్తవులూ, తిరిగి తమ ఇళ్ళకు చేరలేదు.

ప్రశ్నను నిలబెట్టినవారు

ఇక్కడ మన పాఠకులు ప్రత్యేకించి గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ మూడవ వ్యాఖ్యానానికి గట్టి జవాబు క్రైస్తవులనుండే వచ్చింది. పాలస్తీనా దేశస్థుడైన ఆంగ్లికన్ గురువు నయీమ్ అతీక్ 1989లో ప్రచురించిన గ్రంథంలో, బైబిలు పేరుతో తన ప్రజలకు జరిగిన అన్యాయాన్ని న్యాయం అన్న కొలబద్దతోనే ప్రశ్నించాడు. 2006లో జెరూసలేంలోని లాటిన్, సిరియన్ ఆర్థొడాక్స్, ఆంగ్లికన్, లూథరన్ చర్చిల అధిపతులు నలుగురు క్రైస్తవ జియోనిజాన్ని తప్పుడు బోధగా తిరస్కరిస్తూ సంయుక్త ప్రకటన చేశారు. 2009లో పాలస్తీనా క్రైస్తవులు బెత్లెహేములో విడుదల చేసిన కైరోస్ పత్రం, సైనిక ఆక్రమణను దేవునిపట్లా మానవునిపట్లా పాపంగా పేర్కొంది.

వీరు మనతో ఏకీభవించేవారు కారు. ఈసా (అ)ను గురించిన వారి విశ్వాసం మన తౌహీదుకు విరుద్ధం. ఆ విషయంలో దాపరికం అక్కరలేదు. కాని ప్రవచనాలను చదవడంలో వారు తమ అగ్రజుల్లో చాలామంది వదిలేసిన ప్రశ్నను మళ్ళీ చేతికి తీసుకున్నారు. ఆ రాజు పేదకు న్యాయం చేస్తాడా, లేదా? చేయని పక్షంలో అది ఎవరి రాజ్యం?

మన అద్దంలో

విమర్శ ఇక్కడితో ముగిస్తే అది సగం విమర్శే అవుతుంది. సహీహ్ బుఖారీలో అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు ప్రకారం, మర్యమ్ (అ) కుమారుడు మన మధ్య న్యాయశీలుడైన తీర్పరిగా దిగివస్తారు. శిలువను విరిచివేయడం, జిజ్యాను తొలగించడం, తీసుకునేవాడు లేనంతగా సంపద ప్రవహించడం ఆ హదీసులో ఉన్నాయి. అన్నిటికంటే ముందు చెప్పబడిన లక్షణం న్యాయం. యెషయా 11వ అధ్యాయంలో కనిపించేదీ అదే. కాని మన వేదికలమీద ఈ హదీసు ప్రస్తావన వచ్చినప్పుడు వినబడేది ఏమిటి? ఏ మినారు దగ్గర దిగుతారు, ఏ యుద్ధం ముందు వస్తుంది, ఫలానా దేశాధినేత దజ్జాలా కాదా? కాలం విషయంలో మన ఉల్లేఖనాల్లోనే వైవిధ్యం ఉంది. అబూ దావూద్ సంకలనంలో ఆయన నలభై సంవత్సరాలు ఉంటారని ఉంది. సహీహ్ ముస్లింలోని ఒక ఉల్లేఖనంలో ఆ తరువాత ప్రజలు శత్రుత్వం లేకుండా గడిపే ఏడు సంవత్సరాల ప్రస్తావన ఉంది. పండితులు వీటిని సమన్వయం చేశారు. వాటిని పంచాంగంగా మాత్రం వాడలేదు.

వాడినవారు లేకపోలేదు. హిజ్రీ 1400 ముహర్రం మొదటి తేదీన, అనగా 1979 నవంబరు 20న, జుహైమాన్ అల్ ఉతైబీ అనుచరులు మస్జిదె హరామ్‌ను ఆక్రమించి, తమలో ఒకడిని మహదీగా ప్రకటించారు. రెండు వారాలు పవిత్ర స్థలంలో రక్తం చిందింది. మహదీ అనబడినవాడు ఆ పోరాటంలోనే చనిపోయాడు. 2014లో సిరియా, ఇరాక్ ప్రాంతాల్లో ఖిలాఫతు ప్రకటించుకున్న ముఠా, అంత్యకాల హదీసులో పేర్కొనబడిన దాబిఖ్ ఊరి పేరును తన పత్రికకు పెట్టుకుంది. 2016 అక్టోబరులో ఆ ఊరు వారి చేయి జారింది. అంతలో ఎంతమంది అమాయకులు హతులయ్యారో ప్రపంచానికి తెలుసు. మున్‌స్టర్ గోపురాన్ని చూపి క్రైస్తవులను వేలెత్తి చూపే ముందు ఈ రెండు సంవత్సరాలను మనం గుర్తుచేసుకోవాలి.

కాల నిర్ణయం గురించి రెండు సమాజాల గ్రంథాల్లోనూ హెచ్చరిక ఉంది. ఆ గడియ తండ్రికి తప్ప కుమారునికి కూడా తెలియదని మార్కు సువార్త 13వ అధ్యాయంలో ఉంది. ప్రళయ ఘడియ జ్ఞానం అల్లాహ్ వద్దనే ఉందని అల్ ఆరాఫ్ సూరా 187వ ఆయతు ప్రకటించింది. జిబ్రీల్ (అ) ఆ ఘడియను గురించి అడిగినప్పుడు, అడిగినవారికంటే అడగబడినవారికి ఎక్కువ తెలియదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సెలవిచ్చారు. ఇంత స్పష్టత ఉన్నాకూడా లెక్కలు వేయడం, వినవలసిన మాటను వినకుండా ఉండటానికి మనిషి వెతుక్కునే సాకు. తేదీ తెలిస్తే కాచుకొని కూర్చుంటే సరిపోతుంది. తీర్పరి న్యాయశీలుడని తెలిస్తే ఈ రోజే లెక్క చూసుకోవాలి. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇచ్చామా? వారసత్వంలో ఆడబిడ్డ వాటా ఇచ్చామా? మన మహల్లాలో పొరుగువాని కేసులో, అతడు మన మతంవాడు కాకపోయినా, నిజమే సాక్ష్యం చెప్పామా?

కాబట్టి ఈ విషయంపై ఇకముందు రాసేవారికి ఒక సూచన. క్రైస్తవుల నమ్మకాన్ని పేర్కొనేటప్పుడు ఏ చర్చి, ఏ గ్రంథం, ఏ కాలం అన్నది చెప్పండి. వాక్యాన్నీ దానికింది వ్యాఖ్యనూ కలిపివేయకండి. క్రైస్తవ సోదరునితో సంభాషణ వస్తే, వెయ్యేళ్ళ లెక్కతో మొదలుపెట్టకుండా 72వ కీర్తనలోని పేదవానితో మొదలుపెట్టండి. అతడు మనల్ని కూడా ఆ ప్రశ్న అడుగుతాడు, అడగాలి కూడా. చేతిలో మొక్క ఉండగా ప్రళయం వచ్చిపడినా, నాటగలిగితే నాటమని దైవప్రవక్త (స) బోధించినట్లు అనస్ (రజి) ఉల్లేఖించారు. మసీహ్ ఏలుబడికోసం నిరీక్షించేవారు ఈ బోధను ముందుగా ఆచరణలో పెట్టడం మంచిది.